కళ్ళద్దాలు తీసి చూసే అక్క

కబురు మొదట నాకు చెప్పింది బాలమణి. గద్వాలలో అక్క దుకాణం కింద ఉన్న విత్తనాల కొట్టులో ఊడ్చి, నీళ్ళు పట్టి పోయే మనిషి. నేను మధ్యాహ్నం నమాజు చదివి లేచేసరికి గడప మీద కూర్చొని ఉంది. చెప్పులు విప్పలేదు, లోపలికీ రాలేదు.

"ఆపా, మన పైన మేడమ్ పోయిందంట."

నేను వచ్చి గడప ఇవతల కూర్చున్నాను.

"వనపర్తిల, బిడ్డ కాడ. పొద్దుగాల చాయ్ తాగి, జర ఒరుగుత అన్నదంట. గంతె. లేపవోతె లేవలే" అంది బాలమణి. "సావు మంచిగనె వచ్చిందాపా. దమ్ముతోటి ఎంత పరేషాన్ అయింది పాపం" అంది.

చదవాల్సిన మాట నాలుక మీదికి దానంతటదే వచ్చింది. మనం అల్లాహ్ వాళ్ళమే, ఆయన దగ్గరికే పోతాం. నిజం చెప్తున్నాను, ముందు వచ్చింది ఏడుపు కాదు. పోయిన చలికాలమంతా ఆమె ఊపిరాడక పడుకోలేక రెండు దిండ్లు పెట్టుకొని గోడకు ఒరిగి కూర్చున్నది చూశాను. అట్లాంటి మనిషి చాయ్ తాగి, నిద్రలో పోయింది. ముందు వచ్చింది షుక్రే, అల్లాహ్‌కు కృతజ్ఞతే. ఏడుపు సాయంత్రం వచ్చింది.

ఆమె వెబ్‌సైట్లు చేసేది. ఊళ్ళో వాళ్ళు కంప్యూటరమ్మ అనేవాళ్ళు. ఫంక్షన్ హాళ్ళు, బడులు, విత్తనాల వ్యాపారులు, గుడి కమిటీలు అందరూ ఆ ఇరుకు మెట్లు ఎక్కి వచ్చేవాళ్ళే. పేజీ తెరిస్తే మనిషి కన్ను ముందు ఎక్కడ పడాలి, అక్కడి నుంచి ఎటు పోవాలి, ఏది కనబడకపోయినా పర్వాలేదు. ఆమె పనంతా ఇదే. రంగులు, అక్షరాలు, ఫోటోలు అన్నీ దీని తర్వాత.

నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. అమ్మీ ఖురాన్ చదివించింది. అబ్బా పాత పేపర్లు ముందు పెట్టి తెలుగు నేర్పాడు. టైపు చేయడం మా పాప ఫోన్ మీద వచ్చింది. అక్కకు తెలుగు టైపు చేసే మనిషి కావాలని తెలిసి, భయపడుకుంటూ పోయాను. ఏం చదివినవని ఆమె అడగలేదు. స్క్రీన్ మీద ఎర్రగళ్ళ తువ్వాల కప్పి ఉంది.

"ఇటు సూడు చెల్లె" అని తువ్వాల లాగి, మళ్ళీ టక్కున కప్పేసింది. "ఏం కనవడ్డది?"

"మీసాలు" అన్నాను.

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. "రేపట్నుంచి రా. అది బడి పేజీ. పిల్లలు కనవడాలె, సారు మీసాలు కనవడుతున్నయ్."

ఆ తువ్వాల ఎంతమంది ముఖాల మీద నీళ్ళు చల్లిందో. ఒకసారి ఫంక్షన్ హాల్ యజమాని వచ్చాడు. తను చేయించిన పాత పేజీ చాలా బాగుందనీ, కొంచెం మెరుపులు పెడితే చాలనీ అన్నాడు. అక్క తువ్వాల తీసి, మళ్ళీ కప్పింది.

"ఏం కనవడ్డది సేటూ?"

"నా ఫోటో" అన్నాడు సంతోషంగా.

"మంచిగున్నది. పెండ్లి పెట్టుకున్నోడు నీ ఫోటో సూసి హాలు మాట్లాడుతడా, హాలు సూసి మాట్లాడుతడా?"

"రెండు సూస్తడు గదమ్మా."

"రెండు ఒక్కపారి సూడనీకి మనిషికి నాలుగు కండ్లుంటయా?"

మా ఊళ్ళల్లో ఫ్లెక్సీ ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. పైన దేవుళ్ళు, వాళ్ళ పక్కన పెద్దలు, మధ్యలో నాయకుడు, చుట్టూ గుండ్రాల్లో పోస్టు స్టాంపుల్లా అందరి ముఖాలు. ఎవరి ముఖం చిన్నదైనా ఆ ఇంట్లో వారం రోజులు అలక. వెబ్‌సైటు కూడా ఫ్లెక్సీ లాంటిదే అనుకొని వచ్చేవాళ్ళు. "అందర్ని ఒక్కతీరు పెద్దగ పెట్టమ్మ" అని బతిమాలేవాళ్ళు. అక్క వాళ్ళను తిట్టకుండా, చేత్తో గాలిలో పక్కకు జరిపినట్టు చూపి, "జర జాగ ఇడువుండ్రి" అనేది. ఒక ముఖం చుట్టూ ఖాళీ ఉంటేనే ఆ ముఖం మనిషిదవుతుందని ఆమె నమ్మకం. ఎరుపు రంగంటే మహా పిసినారి. పేజీ మొత్తానికి ఒక్క ఎర్ర బటన్. "ఆఖరుకు చెయ్యి ఏడ పడాలెనో గాడ" అనేది.

పేజీ పూర్తయిందని నేననుకున్న తర్వాత ఆమె అసలు పని మొదలయ్యేది. సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి చీర కొంగుకు ముడి వేసుకొని, వెనక్కి నడిచి తలుపు దగ్గర నిలబడి చూసేది. అద్దాలు లేకపోతే ఆమెకు అక్షరాలు అలుక్కుపోతాయి. మసక మసకగా ఏది పెద్దది, ఏది ముదురు రంగు, ఏది ఒంటరిగా ఉంది అన్నది మాత్రం మిగులుతుంది. "గిప్పుడు కనవడ్డదే పేజీ. మిగిలిందంత మన ముచ్చట" అనేది. ఆ నిలబడ్డ చోటనే సాసర్‌లో పోసుకొని చాయ్ తాగేది. నేను ఏదైనా అడిగితే అద్దాలు లేని కళ్ళతో నా వైపు తిరిగి, "ఎవరు, మా చెల్లెనా? ఆడ ఏదో నల్లగ నిలవడ్డది" అని నా బురఖా మీద వేళాకోళం ఆడేది.

ఆమెకు పూజ పునస్కారాలు లేవు. "నీ దేవునికి నా ముచ్చట గూడ నువ్వే చెప్పు, నాకు తీరిక లేదు" అనేది. కానీ నా నమాజు వేళకు ప్రింటరు ఆపేసి, మెట్ల మీద తనే కూర్చునేది. వచ్చిన వాళ్ళను లోపలికి రానిచ్చేది కాదు. "లోపట పని నడుస్తుంది, జర ఆగుండ్రి" అనే ఆ మాట తలుపు ఇవతల నాకు వినబడేది. నేను నుదురు నేలకు ఆనించిన సజ్దా నుంచి లేచేదాకా ఒక్కరి చెప్పుల చప్పుడూ పైకి రాలేదు. ఆ మేలును తలుచుకోకుండా ఈరోజుకూ నా నమాజు ముగియదు.

ఆ రోజుల్లోనే మా భాయ్‌జాన్ తప్పిపోయాడు.

భాయ్‌జాన్ నాకంటే చాలా పెద్ద. అబ్బా పోయిన తర్వాత నాకు అబ్బా ఆయనే. జాతరల్లో గాజులు అమ్మేవాడు. శ్రీరంగాపూర్ జాతరలో ఆయన దగ్గర గాజులు వేయించుకోని ఆడపిల్ల ఆ చుట్టుపక్కల లేదు. స్కూటరు మీద నుంచి పడ్డాక తల లోపల ఏదో కదిలింది. ఒక పూట అంతా గుర్తుండేది, ఒక పూట తన పేరు కూడా ఉండేది కాదు. వనపర్తి పోతున్నాం, బీచుపల్లి స్టేజీలో బస్సు ఆగింది. చాయ్ తాగి వస్తనని దిగాడు. నేను డబ్బాలో నుంచి ఆయన మాత్ర తీసేలోగా బస్సు కదిలింది. అరిచి ఆపించి వెనక్కి ఉరికాను. చాయ్ కొట్టు దగ్గర ఆయన గ్లాసు ఉంది, ఆయన లేడు. పెద్ద రోడ్డు అటు కర్నూలు, ఇటు హైదరాబాదు. ఎటు పోయే లారీ ఎక్కాడో చెప్పినవాళ్ళు లేరు.

పోలీసులకు చెప్పాం. దర్గాలన్నీ తిరిగాం. గుడుల దగ్గర అన్నం పంక్తుల్లో ముఖాలు చూసుకుంటూ నడిచాం. ఆ సంవత్సరం ఈద్‌కు మా ఇంట్లో సేమ్యా ఉడకలేదు.

"మతి తప్పి తిరిగేటోళ్ళను ఆశ్రమాలోళ్ళు తీస్కపోతరు చెల్లె. ఆల్లకు గూడ పేజీలుంటయ్. ఎతుకుదం పట్టు" అంది అక్క.

అప్పటినుంచి రోజూ అన్నం తిన్న తర్వాత ఇద్దరం ఒకే కుర్చీ మీద సర్దుకొని కూర్చొని, ఆశ్రమాల పేజీలు తెరిచేవాళ్ళం. తెలుగువి, కన్నడవి, ఏది దొరికితే అది. అన్నిట్లో ఒకటే తీరు. పైన స్థాపించిన వారి ఫోటో. తర్వాత శాలువాలు. తర్వాత కేకులు. మన దగ్గర ఇప్పుడు ఇదొక ఆనవాయితీ అయింది కదా. పుట్టినరోజనీ, పెండ్లిరోజనీ, పెద్దలు పోయిన రోజనీ ఆశ్రమంలో ఒక పూట అన్నం పెట్టిస్తారు. అక్కడున్న వాళ్ళ ముందు కేకు కోస్తారు. ఆ ఫోటో పేజీలో వస్తుంది. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆ అన్నం ఎవరి ఆకలి తీర్చిందో నాకు తర్వాత తెలిసింది. వాళ్ళను అల్లాహ్ చల్లగా చూడాలి.

అక్క మాత్రం ఉడికిపోయేది. "పుట్టినోళ్ళు కనవడుతుండ్రు. తప్పిపోయినోళ్ళు ఏడున్నరు ఇండ్ల?" అని మౌసు బల్లకేసి కొట్టేది.

సరిగ్గా అప్పుడు నాగర్‌కర్నూల్ వైపు ఒక ఆశ్రమం చైర్మన్ సారు మెట్లెక్కి వచ్చాడు. రిటైరైన ఉద్యోగి. మెత్తటి మనిషి. వాళ్ళ తల్లిదండ్రుల పేరు మీద ఆశ్రమం నడుపుతున్నాడు. మంచి వెబ్‌సైటు కావాలన్నాడు.

"ముందుగాల మా అమ్మానాయిన ఫోటో, మంచి పెద్దగ. దాని కింద గెస్టులు. ఎన్క పుట్టినరోజులు" అన్నాడు.

"ఆశ్రమంల ఉండేటోళ్ళు?" అంది అక్క.

"ఉన్నరు గదమ్మ, ప్రతి ఫోటోల ఉన్నరు."

అక్క ఆయన తెచ్చిన ఫోటో ఒకటి తెరిచి, తువ్వాల వేసి, తీసి, వేసింది. "ఏం కనవడ్డది సారూ?"

"కేకు" అన్నాడు మెల్లగా.

అక్క గెలిచినట్టు నవ్వలేదు, ఎందుకంటే ఆయన వెంటనే ఇంకో మాట అన్నాడు. "నువ్వనేది సమజైతుందమ్మ. గని ఫోటో పడుతదనే దాతలు అన్నం పెడుతరు. ఫోటో తీసేస్తె రేపు ఆశ్రమంల ఉన్నోళ్ళు ఏం తినాలె?"

ఆ రోజు ఆయన్ను పంపించి, సాయంత్రందాకా ఆ ఫోటోలే తిప్పి తిప్పి చూసింది. తెల్లారి వచ్చి, సంచి కూడా దించకుండా చెప్పింది. "దాతలకు ఎవలది ఆల్లకే ఒక పేజీ ఇద్దం చెల్లె. కేకు ఉంటది, దీవెన ఉంటది, ఆల్ల చుట్టాలకు ఫోన్ల పంపుకుంటరు. ఇంటి ముంగటి తలుపు మాత్రం తప్పిపోయినోళ్ళది."

అట్లాగే చేసింది. తెల్లటి పేజీ. పైన ఒకే ఒక్క వాక్యం: వీరి ఇల్లు మీకు తెలుసా? దాని కింద ముఖాలు, ఒక్కొక్కటి పెద్దగా, చుట్టూ జాగాతో. ఫోటోలు మళ్ళీ తీయించింది. స్నానం చేయించి, తల దువ్వి, చేతిలో పళ్ళెం లేకుండా, కళ్ళు మన వైపు ఉండేటట్టు. చివర ఎర్ర బటన్, ఫోను చేయడానికి.

చైర్మన్ సారు చూసి, మూలన ఉన్న తల్లిదండ్రుల చిన్న ఫోటో మీద వేలు పెట్టాడు. "మా అమ్మ గింత చిన్నగుండాల్నా?"

"మీ అమ్మ పది మందికి అన్నం పెట్టేటప్పుడు ఏడ నిలవడుతుండె సారూ? పంక్తి ముంగట కూసుంటుండెనా, ఎన్క నిలవడి వడ్డిస్తుండెనా?"

సారు జేబురుమాలు తీసుకున్నాడు. "గట్లనే ఉండనియ్యి" అన్నాడు.

కొన్నాళ్ళకే ఆ పేజీ చూసి ఒక కొడుకు వచ్చి తల్లిని తీసుకుపోయాడని సారు ఫోను చేశాడు. మా వ్యాపారంలో ఒక సంగతుంది. ఒకరిది చూసి ఇంకొకరు అచ్చం గట్లనే కావాలంటారు. మామూలుగా ఆ మాట వింటే అక్కకు ఒళ్ళు మండేది. ఆ సారి మాత్రం ఎవరు అడిగినా కాదనలేదు. అట్లా ఒకరోజు రాయచూరు దిక్కు నుంచి ఒక ఆశ్రమం మేనేజరు ఫోను చేశాడు. మాకూ అట్లాంటిదే చేసివ్వమని కన్నడం, తెలుగు కలిపి అడిగాడు. "నమగూ అదే తర మాడ్కొడి మేడమ్. మీరు చెప్పినట్టే కొత్తగా ఫోటోలు తీసి పంపిస్తా."

ఫోటోలు వచ్చాయి. పేర్లు తెలియని వాళ్ళకు ఆనవాళ్ళు రాయడం నా పని. ఎత్తు, వయసు, మచ్చలు. ఒక్కొక్కటి తెరుస్తూ పోతున్నాను. తెల్లగడ్డం మనిషి ఒకాయన వచ్చాడు. భాయ్‌జాన్ ఎప్పుడూ నున్నగా గీయించుకునేవాడు. గడ్డం చూసి దాటిపోబోయాను. కానీ ఫోటో మళ్ళీ తీసినది కదా, కళ్ళు నా వైపే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అడగబోతున్నట్టు ఉన్నాయి.

"అక్కా" అన్నాను. స్క్రీన్ మీద వేలు పెట్టాను.

ఆమె చాయ్ సాసర్ కింద పెట్టి వచ్చింది. నా ముఖం చూసింది, స్క్రీన్ చూసింది. భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. మేనేజరుకు తనే ఫోను కలిపింది. బతికే ఉన్నాడు, బాగున్నాడు, పొద్దున ఉప్మా తిన్నాడు. ఆ ఉప్మా మాట వినగానే అక్కడే నేల మీద సజ్దా చేశాను.

లేచి చూసేసరికి అక్క ఆ ఆశ్రమం పాత పేజీ తెరిచి ఉంది. మేము అది అంతకుముందే చూశాం. ఇద్దరం కలిసే చూశాం. ఒక పుట్టినరోజు ఫోటో. ముందు గులాబీ రంగు కేకు, టోపీ పెట్టుకున్న పాప, వాళ్ళ అమ్మానాన్నలు. వాళ్ళ నాన్న భుజం వెనక సగం ముఖం, గడ్డం, ఒక కన్ను.

అక్క బొటనవేలితో కేకును మూసింది. అప్పుడు ఆ కన్ను నేరుగా కనబడింది.

"రోజు అందరికి చెప్పేదాన్ని. నా కన్ను గూడ కేకు కాడికే పాయె చెల్లె" అంది. ఆ గొంతు నేను మునుపు విననిది. అప్పటినుంచి ఆమెకు ఒక కొత్త అలవాటు వచ్చింది. ఎవరు ఏ ఫోటో తెచ్చినా ముందు అందులో పెద్ద ముఖాన్ని బొటనవేలితో మూసి, వెనక ఎవరున్నారో చూసేది. పెండ్లి ఫోటోలైనా సరే.

తెల్లారి బస్సుకు నాతో తనే వచ్చింది. భాయ్‌జాన్ వేపచెట్టు కింద బల్ల మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. మా ఇంటి భాషలో, కొంచెం కోపంగా, "చాయ్ తాగి వస్తనంటి గదా, బస్సెందుకు పోనిచ్చినవ్?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అక్క మాత్రం అప్పటికే మేనేజరుతో జగడానికి దిగింది. "గేటు మీద బోర్డు రాయించినవ్, ఫోన్ నంబరు ఏడుందయ్యా? ఎతుక్కుంట వచ్చినోడు చీమకండ్లు పెట్టుకోవాల్నా?" ఆయన నవ్వుకుంటూ రాసుకున్నాడు.

దమ్ము ఎక్కువై అక్క దుకాణం మూసి వనపర్తికి పోయింది. ఆఖరుసారి భాయ్‌జాన్‌ను తీసుకొని పోయాను. నున్నగా గీయించుకొని, కొత్త కమీజు వేసుకొని వచ్చాడు. అక్కకు మాట్లాడడం కష్టంగా ఉంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకొని, ఆయన్ను కొంచెం దూరంలో నిలబెట్టి చూసింది.

"ఏం కనవడుతుందక్కా?" అన్నాను.

"ఇల్లు చేరిన మనిషి" అంది.

భాయ్‌జాన్‌కు ఆమె ఎవరో గుర్తులేదు. అయినా సంచిలో నుంచి గాజుల డజను తీసి, ఆమె చెయ్యి పట్టుకొని, నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే ఎక్కించాడు. ఆ పని ఆయన చేతులు మరిచిపోలేదు. ఆమె ఆ గాజులతోనే పోయిందని బిడ్డ చెప్పింది. ఆ మాట విన్నాక నా మనసు పూర్తిగా తేలికపడింది.

అక్క కోసం చేసే దువా నేను చేసుకుంటాను, అది నా బాధ్యత. మిమ్మల్ని నేను కోరేది వేరు. రాయచూరు పేజీలో మా భాయ్‌జాన్ ఫోటో తీసేసిన జాగలో ఇప్పుడు ఒకామె ఉంది. అరవై ఏళ్ళ లోపే ఉంటుంది. గదవ మీద, కింది పెదవి దిగువన, పచ్చబొట్టు చుక్క, ఎడమ చేతి చిటికెన వేలు వంకర. తెలుగు, కన్నడం రెండూ కలుపుతుంది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, మేకలను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేసి పిలుస్తుంది. అవి రాకపోతే, ఇయ్యాల దూరం పోయినట్టున్నయని చెప్పి లోపలికి వస్తుంది. ఇప్పటిదాకా ఆమె కోసం ఎవరూ ఫోను చేయలేదు. మీ ఊళ్ళో ఎక్కడైనా కాపరి లేని మేకల మంద గురించి, తాళం వేసి ఉన్న ఇంటి గురించి, కనబడకుండా పోయిన అమ్మ గురించి ఎవరైనా మాట్లాడితే, దయచేసి ఈమెను గుర్తు చేసుకోండి.